కెనడా ఎంఏఎస్‌సీకి లెటర్ ఆఫ్ ఇంటెంట్: కన్సల్టెన్సీ ఇచ్చిన ఎస్ఓపీనే పెట్టేయొచ్చా?

బోరునీళ్లు

అందరికీ నమస్కారం. జేఎన్‌టీయూహెచ్ అఫిలియేటెడ్ కాలేజీలో సివిల్ బీటెక్ పూర్తయింది, సీజీపీఏ 7.6. రెండు సబ్జెక్టులు మొదటిసారి పోయాయి, సప్లీలో క్లియర్ అయ్యాయి. వచ్చే సెప్టెంబర్ ఇంటేక్‌కి కెనడాలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ ఎంఏఎస్‌సీ (మాస్టర్ ఆఫ్ అప్లైడ్ సైన్స్)కి, అంటే థీసిస్ ఉన్నదానికి అప్లై చేస్తున్నాను. పోర్టల్లో ఎస్ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) అని ఎక్కడా లేదు. "లెటర్ ఆఫ్ ఇంటెంట్, 500 పదాలు మించకూడదు, ఏ ప్రొఫెసర్లతో పని చేయాలనుకుంటున్నారో రాయండి" అని ఉంది. కన్సల్టెన్సీ వాళ్లు చేతిలో పెట్టిన ఎస్ఓపీ 1,150 పదాలు.

దాని మొదటి పేరా భావం ఇలా ఉంది: "చిన్నతనం నుంచీ ప్రకృతి అంటే నాకు ఎనలేని మక్కువ. నీరే ప్రాణాధారం. కెనడా అనేక సంస్కృతుల సంగమం, ప్రపంచస్థాయి విద్యకు నిలయం..." చివరి పేరాలో నాన్నకి ఐదెకరాల పొలం ఉందని, చదువు అయిపోగానే తిరిగొచ్చేస్తానని ఉంది.

రెండూ ఒకటేనా? దీన్నే సగానికి కోసి పెడితే సరిపోతుందా? సప్లీల సంగతి చెప్పాలా వద్దా? ప్రొఫెసర్ల పేర్లు ఎన్ని రాయాలి? మేజర్ ప్రాజెక్ట్ నల్గొండ జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడం మీద, పటిక-సున్నంతో (నల్గొండ టెక్నిక్) చేశాం. పేపర్ ఏదీ పబ్లిష్ కాలేదు.

మంచుమేస్త్రి

తమ్ముడూ, ముందు ఆ చివరి పేరా తీసెయ్. ఐదెకరాలు, తిరిగి రావడం, ఇవన్నీ వీసా ఆఫీసర్‌కి చెప్పుకునే మాటలు. స్టడీ పర్మిట్ ఫైల్లో పెట్టే లెటర్ ఆఫ్ ఎక్స్‌ప్లనేషన్ వేరే కాయితం. ఫీజు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఈ కోర్సే ఎందుకు, అయ్యాక ఏం చేస్తావు అనేవి అందులోకి వెళ్తాయి. అడ్మిషన్ కమిటీకి మీ నాన్న పొలంతో పనేం లేదు. కన్సల్టెన్సీలు రెండింటికీ కలిపి ఒకే ముద్ద వండేస్తాయి, తేడా కొట్టేది అక్కడే.

ఇక పేరు గురించి. కెనడాలో ఒక్కో యూనివర్సిటీ ఒక్కో పేరు పెట్టుకుంది. ఒకచోట స్టేట్‌మెంట్ ఆఫ్ ఇంటెంట్, ఒకచోట స్టేట్‌మెంట్ ఆఫ్ ఇంట్రెస్ట్, ఇంకోచోట రీసెర్చ్ స్టేట్‌మెంట్. వాటర్‌లూలో అయితే సప్లిమెంటరీ ఇన్ఫర్మేషన్ ఫారం అని విడిగా ఒకటి నింపాలి. కాబట్టి పేరు చూసి కాదు, డిపార్ట్‌మెంట్ పేజీలో ఆ పేరు కింద ఉన్న రెండు మూడు లైన్లు చూసి రాయాలి. ఆ లైన్లలో మూడు అడిగితే మూడింటికీ జవాబు ఉండాలి, అడగనిది ఉండకూడదు.

ఇంకో గందరగోళం కూడా ఉంది. యూట్యూబ్‌లో "లెటర్ ఆఫ్ ఇంటెంట్" అని కొడితే అమెరికా మెడికల్ స్కూళ్ల వీడియోలు వస్తాయి. అక్కడ ఆ మాటకి అర్థమే వేరు. ఇంటర్వ్యూ అయ్యాకో వెయిట్‌లిస్ట్‌లో పడ్డాకో "సీటిస్తే ఖాయంగా మీ దగ్గరే చేరతాను" అని ఒకే ఒక్క స్కూలుకి రాసే ఉత్తరం అది. ఆ నమూనా పట్టుకుని "మీరే నా మొదటి ఎంపిక" అని నువ్వు మొదలుపెడితే చదివేవాళ్లకి అంతు పట్టదు.

థీసిస్ ప్రోగ్రాం ఉత్తరాన్ని చదివే ప్రొఫెసర్ చూసేది ఒక్కటే: ఈ మనిషిని రెండేళ్లు నా ల్యాబ్‌లో పెట్టుకుని, నా గ్రాంట్‌లోంచి స్టైపెండ్ ఇస్తే పని జరుగుతుందా? దానికి కావలసినవి నువ్వు పట్టుకున్న ప్రశ్న, దాన్ని చేయగలవనే ఆధారం, అది ఇక్కడే ఎందుకు చేయాలన్న కారణం. 500 పదాల్లో నేనైతే ప్రశ్నకి 80, ప్రాజెక్టుకి 200, ప్రొఫెసర్లకి 120, మార్కుల మాట ఏదైనా ఉంటే 40 ఇస్తాను. మిగిలినవి ఏం నేర్చుకోవాలి, తర్వాత ఎటు అన్నదానికి. చిన్నతనానికి సున్నా. ఫ్లోరోసిస్ గురించి 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన రిపోర్టుతోనూ మొదలుపెట్టకు. నీటి మీద పనిచేసే ప్రొఫెసర్‌కి నువ్వు ఫ్లోరోసిస్ పాఠం చెప్పక్కర్లేదు.

అదే ఎంఇంజ్ లాంటి కోర్స్‌వర్క్ ప్రోగ్రామ్ అయితే లెక్క మారిపోతుంది. సాధారణంగా సూపర్‌వైజర్ ఉండరు, ఫండింగ్ ఉండదు. అక్కడ ప్రొఫెసర్ల పేర్లు రాస్తే ప్రోగ్రాం పేజీ చదవకుండా అప్లై చేశారని తెలిసిపోతుంది. ఆ ఉత్తరంలో ఏ కోర్సులు ఎందుకు కావాలో చెబితే చాలు.

నీ ప్రాజెక్టు పేరా తెలుగులోనైనా సరే ఇక్కడ పెట్టు, చూద్దాం.

బోరునీళ్లు

అన్నా, థాంక్స్. తమ్ముణ్ణి కాదు, చెల్లెల్ని :) ప్రాజెక్టు పేరా ఇదీ:

"నా మేజర్ ప్రాజెక్టులో తాగునీటిలోని ఫ్లోరైడ్ అనే తీవ్ర సమస్యను ఎంచుకున్నాము. నల్గొండ టెక్నిక్ ఉపయోగించి ఫ్లోరైడ్‌ను విజయవంతంగా తొలగించాము. ఈ ప్రాజెక్టు నాకు బృంద స్ఫూర్తిని, నాయకత్వ లక్షణాలను, సమయపాలనను నేర్పింది."

వివరాలు అడిగితే: మర్రిగూడ మండలంలో మూడు బోర్ల నీళ్లు. ఫ్లోరైడ్ లీటరుకు 3.8 నుంచి 4.6 మిల్లీగ్రాములు. పటిక 200 నుంచి 800 మిల్లీగ్రాముల దాకా వంద చొప్పున పెంచుతూ వేశాం, సున్నం అందులో ఇరవయ్యో వంతు. 600 దగ్గర 1.3కి వచ్చింది. కొలిచింది స్పాడ్స్ (SPADNS, రంగు మార్పుని బట్టి ఫ్లోరైడ్ కొలిచేది) పద్ధతిలో, స్పెక్ట్రోఫోటోమీటర్ మీద. బ్యాచ్‌లో నలుగురం, జార్ టెస్టులన్నీ (ఒక్కో జార్‌లో ఒక్కో మోతాదు వేసి చూడటం) నేనే చేశాను.

జార్‌టెస్ట్

కింద రాసిన వివరాలు బంగారం అండీ. పైన రాసిన పేరాలో వాటిలో ఒక్కటి కూడా లేదు. నాయకత్వం, సమయపాలన అన్నవి ఏ బ్రాంచి వాళ్లయినా రాసుకోవచ్చు. లీటరుకు 600 దగ్గర 1.3 అన్నది మీరు మాత్రమే రాయగలరు.

అయితే ఒక మెలిక ఉంది. పటిక వేసిన నీళ్లని నేరుగా స్పాడ్స్‌తో కొలిచారా, ముందు డిస్టిలేషన్ చేశారా? పటికలోంచి నీళ్లలో మిగిలిపోయిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ని పట్టుకుని ఉంటుంది. అప్పుడు స్పాడ్స్ రంగులో ఆ ఫ్లోరైడ్ కనబడదు, అంకె అసలు కంటే తక్కువ వస్తుంది. ఎలక్ట్రోడ్‌తో కొలిచేవాళ్లు టిస్యాబ్ బఫర్ కలిపేది ఇందుకు కూడా, ఆ పట్టు విడిపించడానికి. అంటే మీ 1.3 నిజంగా 1.3 కాకపోవచ్చు. నీటి శుద్ధి మీద పనిచేసే ప్రొఫెసర్ ఎవరైనా ఇంటర్వ్యూ కాల్‌లో అడిగే మొదటి ప్రశ్న ఇదే అవుతుంది.

ఇది తెలిసి భయపడకండి. మీ ఉత్తరానికి కావలసిన ప్రశ్న ఇక్కడే దొరికింది. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు, వేరే దిక్కు లేకపోతే 1.5. అల్యూమినియం అయితే 0.03, దిక్కు లేకపోతే 0.2. ఒకదాన్ని దించడానికి వేసిన పటిక రెండోదాన్ని పెంచుతుంది. మీరు మొదటిది కొలిచారు, రెండోది కొలవలేదు. డిస్టిలేషన్ చేయలేదని, అల్యూమినియం కొలిచే వీలు లేదని అనుకుంటే ఆ పేరా నేనైతే ఇలా తిరగరాస్తాను (మీరు దీన్ని ఇంగ్లీషులో మీ మాటల్లో రాసుకోండి, నా వాక్యాలు అనువదించకండి):

"మర్రిగూడ మండలంలోని మూడు బోర్ల నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 3.8 నుంచి 4.6 మిల్లీగ్రాములు ఉంది. నలుగురి బృందంలో జార్ టెస్టులు నా బాధ్యత. పటికను 200 నుంచి 800 మిల్లీగ్రాముల వరకు పెంచుతూ పోగా 600 దగ్గర ఫ్లోరైడ్ 1.3కి దిగింది. అయితే స్పాడ్స్‌తో కొలిచేముందు మేము డిస్టిలేషన్ చేయలేదు. మిగిలిన అల్యూమినియం వల్ల ఈ అంకె తక్కువగా వచ్చి ఉండవచ్చు. ఆ అల్యూమినియం ఎంతో కొలిచే పరికరం మా ల్యాబ్‌లో లేదు. రెండూ హద్దులోపల ఉండాలంటే ఏ పీహెచ్ దగ్గర ఎంత మోతాదు వాడాలి అన్న ప్రశ్న మీద థీసిస్‌లో పనిచేయాలనుకుంటున్నాను."

చివరి నాలుగు వాక్యాలు చూడండి. తప్పు ఒప్పుకున్నట్టు అనిపించి కన్సల్టెన్సీ వాళ్లు కొట్టేస్తారు. కొట్టనివ్వకండి. తన కొలతలో లోపం ఎక్కడుందో తెలిసిన విద్యార్థిని ల్యాబ్‌లోకి తీసుకోవడం ప్రొఫెసర్‌కి తేలిక. "విజయవంతంగా తొలగించాము" చదివితే ఆయనకి అనుమానమే మిగులుతుంది.

"నలుగురిలో నా పని ఇది" అన్న ముక్క తప్పనిసరి. మీ గైడ్ ఇచ్చే రికమెండేషన్ లెటర్‌లో నలుగురి బృందం అని ఉండి, మీ ఉత్తరంలో అంతా "నేను" అని ఉంటే రెండూ పొసగవు. గైడ్‌కి మీ డ్రాఫ్ట్ ముందే చూపించండి.

మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి కదా, ఇంకా బోరు నీళ్ల గోల ఎందుకు అని కాల్‌లో అడిగితే కూడా జవాబు సిద్ధంగా ఉంచుకోండి. ఉత్తరంలో దానికి చోటు లేదు.

సెయింట్‌లారెన్స్

పైవాళ్లు చెప్పినదానితో ఏకీభవిస్తాను, సప్లీల విషయంలో తప్ప. మంచుమేస్త్రి గారు దానికి 40 పదాలు ఇచ్చారు. పోర్టల్లో "అకడమిక్ పరిస్థితులు వివరించండి" అని వేరే బాక్స్ ఉంటే ఉత్తరంలో ఒక్క పదం కూడా వద్దు, అక్కడే రాయాలి. బాక్స్ లేకపోతే ఏ సబ్జెక్టులు పోయాయన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏవి పోయాయి మీకు?

ప్రొఫెసర్ల సంగతి వివరంగా చెబుతాను, ఎక్కువ మంది దెబ్బ తినేది ఇక్కడే. ఇద్దరు, మహా అయితే ముగ్గురు. ఐదుగురిని రాస్తే ఎవరి పనీ చదవలేదని అర్థం. పేరు ఎంచుకునే ముందు ఫ్యాకల్టీ పేజీలో హోదా చూడండి. ఎమెరిటస్ అని ఉంటే రిటైర్ అయినట్టు, కొత్త విద్యార్థుల్ని తీసుకోవడం అరుదు. అడ్జంక్ట్ అయితే ఒంటరిగా సూపర్‌వైజ్ చేసే అధికారం ఉండకపోవచ్చు. సబాటికల్‌లో (దీర్ఘకాలపు పరిశోధన సెలవులో) ఉన్నారేమో కూడా చూడండి. తర్వాత గత రెండు మూడేళ్లలో వచ్చిన పేపర్లు చూడండి. ప్రొఫైల్‌లో "నీటి శుద్ధి" అని పదేళ్ల కిందట రాసిపెట్టి, ఇప్పుడు పూర్తిగా మైక్రోప్లాస్టిక్స్‌కి మళ్లిపోయినవాళ్లు ఉంటారు. ఎన్‌సెర్క్ (పరిశోధనకి గ్రాంట్లు ఇచ్చే కెనడా ప్రభుత్వ సంస్థ) అవార్డుల డేటాబేస్ ఎవరైనా చూడొచ్చు. ప్రొఫెసర్ పేరు కొడితే ఏ అంశానికి ఏ సంవత్సరం గ్రాంట్ వచ్చిందో కనిపిస్తుంది. డబ్బు లేని ప్రొఫెసర్‌కి మీరు ఎంత నచ్చినా ఎంఏఎస్‌సీ సీటు ఇప్పించడం కష్టం.

ఉత్తరం కంటే ముందు మెయిల్ వెళ్లాలి. డెడ్‌లైన్లు చాలాచోట్ల డిసెంబర్-ఫిబ్రవరి మధ్య ఉంటాయి, కాబట్టి మెయిళ్లు సెప్టెంబర్-నవంబర్‌లో. 150 నుంచి 180 పదాలు చాలు. సబ్జెక్ట్ లైన్‌లో ప్రోగ్రాం, ఇంటేక్, మీ అంశం. లోపల మీ ప్రశ్న రెండు వాక్యాల్లో, ఆయన ఫలానా పనికి అది ఎలా తగులుతుందో ఒక వాక్యంలో, విద్యార్థుల్ని తీసుకుంటున్నారా అని ఒక ప్రశ్న. సీవీ, ట్రాన్‌స్క్రిప్ట్ జత చేయండి. జవాబు రాకపోతే రెండు వారాల తర్వాత ఒకే ఒక్కసారి గుర్తు చేయండి, అంతే. ఒకే డిపార్ట్‌మెంట్‌లో పదిమందికి ఒకే మెయిల్ కొట్టకండి. వాళ్లంతా ఒకే కారిడార్‌లో ఉంటారు. మెయిల్ చేయొద్దు, కమిటీయే చూసుకుంటుంది అని రాసిపెట్టిన డిపార్ట్‌మెంట్లు కూడా ఉన్నాయి. అలా ఉంటే చేయకండి.

వచ్చిన జవాబుని ఉత్తరంలో ఉన్నదున్నట్టు రాయాలి. "పోర్టల్ ద్వారా అప్లై చేయండి, నా పేరు రాయండి" అన్నారనుకోండి, "అక్టోబర్‌లో ఆయనతో మెయిల్‌లో మాట్లాడాను, అప్లికేషన్‌లో తన పేరు రాయమన్నారు" అనే రాయండి. దాన్ని "సూపర్‌వైజ్ చేయడానికి అంగీకరించారు" అని మారిస్తే కమిటీ ఆయన్నే అడుగుతుంది. ఆయన లేదంటే ఫైల్ అక్కడితో ఆగిపోతుంది.

పేపర్ గురించి రాసేటప్పుడు దాని అబ్‌స్ట్రాక్ట్‌ని తిప్పి రాయడం మహా అలవాటు మనవాళ్లకి. ఆయన రాసింది ఆయనకే వినిపిస్తే లాభం లేదు. "మీరు ఫలానా నీటిలో చూసిన ఫలితం ఎక్కువ ఆల్కలినిటీ ఉన్న బోరు నీటిలోనూ వస్తుందా" లాంటి ఒక్క వాక్యం రాయగలిగితే ఆ పేపర్ చదివినట్టు.

బోరునీళ్లు

పోయినవి ఫ్లూయిడ్ మెకానిక్స్, సర్వేయింగ్. తర్వాత హైడ్రాలిక్ ఇంజినీరింగ్‌లో 'ఏ' (A) గ్రేడ్ వచ్చింది. వేరే బాక్స్ ఏమీ లేదు. 7.6ని నాలుగు స్కేల్‌కి మార్చి రాయమంటున్నారు కన్సల్టెన్సీలో, అది కూడా చెప్పండి.

సెయింట్‌లారెన్స్

సర్వేయింగ్ గురించి మాట్లాడకండి. ఫ్లూయిడ్ మెకానిక్స్ మాత్రం చెప్పాలి. నీటి మీద పరిశోధనకి వస్తూ ఆ సబ్జెక్టే పోయిందంటే ట్రాన్‌స్క్రిప్ట్ చూసేవాళ్ల కన్ను ముందు దాని మీదే పడుతుంది. రెండు వాక్యాలు చాలు: మొదటి ప్రయత్నంలో తప్పాను, తర్వాతి పరీక్షలో పాసయ్యాను, దాని మీదే ఆధారపడిన హైడ్రాలిక్ ఇంజినీరింగ్‌లో 'ఏ' గ్రేడ్ వచ్చింది. జ్వరం, పరీక్ష కఠినం, వాల్యుయేషన్ స్ట్రిక్ట్ లాంటి కారణాలు వద్దు.

"బ్యాక్‌లాగ్", "సప్లీ" అన్న మాటలు వాడకండి, అక్కడ ఈ అర్థంలో తెలియవు. "పాస్డ్ అవుట్" కూడా వద్దు, వాళ్లకి అది స్పృహ తప్పి పడిపోవడం. గ్రాడ్యుయేటెడ్ అనండి. మార్క్స్ మెమోని ట్రాన్‌స్క్రిప్ట్ అనండి. "రెస్పెక్టెడ్ సర్" బదులు "డియర్ అడ్మిషన్స్ కమిటీ". సర్లు మాత్రమే ఉండరు కదా అక్కడ.

సీజీపీఏ మార్చొద్దు. 10కి 7.6 అని ఉన్నదున్నట్టు రాయండి. 10తో భాగించి నాలుగుతో గుణించి 3.04 అని రాసుకుంటే అది మీ సొంత లెక్క. వాళ్ల పద్ధతి వాళ్లకుంది. శాతం అడిగితే జేఎన్‌టీయూహెచ్ సూత్రమే వాడండి: సీజీపీఏలోంచి 0.5 తీసి పదితో గుణిస్తే 71. ఉత్తరంలో అయితే ఈ అంకె అసలు అక్కర్లేదు, ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉంటుంది.

ఫైల్‌పేరు

ఎవరూ చెప్పని చిన్న విషయం. పీడీఎఫ్ చేశాక ఫైల్ ప్రాపర్టీస్ తెరిచి చూడండి. ఆథర్ అన్నచోట కన్సల్టెన్సీ ఉద్యోగి పేరు, టైటిల్ అన్నచోట పాత క్లయింట్ ఫైల్ పేరు ఉండటం మామూలే. వాళ్ల వర్డ్ టెంప్లేట్‌లో రాసినా అదే మిగులుతుంది. కొత్త ఖాళీ ఫైల్‌లో, ఫార్మాటింగ్ లేకుండా పేస్ట్ చేసుకుని మొదలుపెట్టండి. 11 లేదా 12 పాయింట్ అక్షరం, ఒక అంగుళం మార్జిన్, పైన మీ పేరు, అప్లికేషన్ నంబర్, ప్రోగ్రాం. పోర్టల్లో పేస్ట్ చేసే బాక్స్ ఉంటే అక్కడ పదాల లెక్క వర్డ్ లెక్కతో కలవకపోవచ్చు, హద్దు దాటింది కత్తిరించుకుపోతుంది. సేవ్ చేశాక ప్రివ్యూలో చివరి వాక్యం ఉందో లేదో చూడండి.

ఆరు యూనివర్సిటీలకి అప్లై చేస్తుంటే పంపేముందు ఫైల్‌లో మిగతా ఐదు పేర్లూ ఒక్కొక్కటిగా సెర్చ్ కొట్టండి. ఒకరికి రాసిన ఉత్తరంలో ఇంకొకరి పేరు మిగిలిపోవడం అన్నిటికంటే తరచుగా జరిగే తప్పు.

చాట్‌జీపీటీతో వ్యాకరణం దిద్దించుకోవడానికి కూడా ముందు ఆ యూనివర్సిటీ నియమం చూడండి, కొన్నిచోట్ల వాడారా లేదా అని డిక్లరేషన్ అడుగుతారు. పేరా మొత్తం రాయించుకుంటే మాత్రం మళ్లీ నాయకత్వం, సమయపాలన దగ్గరికే వస్తుంది.

బోరునీళ్లు

అందరికీ చాలా థాంక్స్. మొత్తం తిరగరాశాను. గైడ్ గారికి చూపిస్తే డిస్టిలేషన్ చేయలేదన్న మాట ఉంచమనే అన్నారు. ఇప్పుడు 538 పదాలు వచ్చాయి. 38 ఎక్కడ తీయాలో తెలియడం లేదు.

మంచుమేస్త్రి

కెనడా గొప్పతనం మీద వాక్యం ఇంకా ఉందా చెల్లెమ్మా?

బోరునీళ్లు

రెండున్నాయి అన్నా.

మంచుమేస్త్రి

అవే.